పాత డయల్ ఫోన్‌కు గంట కొట్టించుడు, రిసీవర్ లేపింది పట్టుకునుడు: సర్క్యూట్ సాయం కావాలె

#1 మిల్లుగేటు_మిర్యాల

మిర్యాలగూడ రైస్ మిల్లుకు ఇంటర్‌కమ్ కడుతున్న. గేటు నుంచి ఆఫీసు గదికి 180 మీటర్లు, ఆఫీసు నుంచి గోదాముకు ఇంకో 40. మరలు తిరుగుతుంటే సెల్ మోగింది వినపడదు కాబట్టి గిన్నెల గంట ఉన్న ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) డయల్ ఫోన్లు మూడు తీసుకున్న. ఆఫీసు, గోదాము ఫోన్లు ఒకే లైను మీద పక్కపక్కన కలుస్తయి, గేటు ఫోన్‌కు వేరే లైను. గేటు నుంచి 1 తిప్పితే ఆ రెండు గంటలు మోగాలె, 5 తిప్పితే హమాలీల షెడ్డు కాడ సైరన్ రిలే (కరెంటుతో పడే స్విచ్) పడాలె.

ఇప్పటిదాకా అయింది: 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, ఆర్డుయినో (కోడ్ నడిపే చిన్న బోర్డు), ఎల్298ఎన్ బోర్డు (బ్యాటరీ వోల్టేజీని అటు ఇటు తిప్పి ఇచ్చే మోటార్ డ్రైవర్), 12-0-12 అర ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ తిరగేసి పెట్టిన. ఎల్298 నుంచి 0, 12 కొసలకు ఇచ్చి, 230 వైపు నుంచి ఫోన్‌కు తీసిన. 25 హెర్ట్జ్ చతురస్ర తరంగం.

సమస్య: గంట మోగదు, "జుయ్" అని సన్నగ వణుకుతది. ఎల్298 హీట్‌సింక్ నిమిషంల చెయ్యి పెట్టలేనంత కాలుతది. బ్యాటరీ నుంచి 1.8 ఆంపియర్లు గుంజుతుంది. రెండో ప్రశ్న, గంట మోగుతుండంగ రిసీవర్ లేపిన సంగతి ఎట్ల తెలుసుకోవాలె?

#2 పాలమూరు_రిలే

అన్నా, ఫోన్ ఖరాబ్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (తీగ చుట్టిన ఇనుము) అయస్కాంతంతోని నిండిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఎన్ని వోల్టులు మోస్తదో ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటది. నువ్వు వాడిన సగం వైండింగ్ 50 హెర్ట్జ్ కాడ 12 వోల్టులకు చుట్టింది, 12ను 50తో భాగిస్తే 0.24, అదే దాని హద్దు. నువ్వు ఇస్తున్నది ఎల్298 తినంగ మిగిలిన 10 వోల్టులు 25 హెర్ట్జ్ కాడ, అంటే 0.40. ప్రతి అర చక్రం నడుమనే కోర్ నిండి వైండింగ్ ఉత్త రాగి తీగ లెక్క అయితది. కరెంటంతా వేడి కింద పోతది, అవతలి వైపు వోల్టేజీ కూలుతది, గంట వణికి ఊరుకుంటది.

నడిమి తీగ వదిలెయ్. రెండు 12 కొసల నడుమ, పూర్తి 24 వైండింగ్ మీద ఇయ్యి. 24ను 50తో భాగిస్తే 0.48. నీ 0.40కి చతురస్ర తరంగం కాబట్టి ఇంకో పదకొండు శాతం కలిపినా 0.44. కోర్ తట్టుకుంటది.

వోల్టేజీ కూడా సరిపోతది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు మీద 24 రావాలని ఖాళీగ ఉన్నప్పుడు 28 దాకా ఇచ్చేటట్టు చుడతరు. అసలు నిష్పత్తి 230 బై 28, అంటే 8.2. పది వోల్టులకు 82 వస్తయి. పాత కనెక్షన్‌ల కోర్ నిండకుండ ఉంటే లైను మీద 160 పైన పడేవి, ఒక లెక్కన మంచిదే అయింది.

మన దేశంల ఎక్స్ఛేంజ్ గంటకు పంపేది 75 వోల్టులు, 25 హెర్ట్జ్. తాళం 0.4 సెకను మోత, 0.2 ఆపు, 0.4 మోత, 2 సెకన్ల ఆపు. అంటే 40 మిల్లీసెకన్ల చక్రాలు పది, ఆపు, మళ్ల పది. "ట్రింగ్ ట్రింగ్" అదే. అమెరికా సర్క్యూట్లు చూసి 20 హెర్ట్జ్, 2 సెకన్ల మోత, 4 సెకన్ల ఆపు పెట్టేటోళ్లు చానా మంది. గంట మోగుతది గని మన చెవికి కొత్తగ ఉంటది.

#3 టంకం_దేవరకొండ

ఏజీ1171 లాంటి రెడీమేడ్ లైను మాడ్యూల్ కూడా ఒక దారి. ఒక్క 5 వోల్టుల సరఫరాతో లైను వోల్టేజీ, గంట వోల్టేజీ రెండూ అదే తయారు చేసుకుంటుంది. ఆర్‌ఎం పిన్ను పైకి లేపి ఎఫ్‌ఆర్ పిన్నును 25 హెర్ట్జ్‌లో ఆడిస్తే గంట, ఎస్‌హెచ్‌కే పిన్ను చూస్తే రిసీవర్ లేచిందో లేదో తెలుస్తుంది. బల్ల మీద ప్రయోగానికి, ఒక్క ఫోన్‌కు దీన్ని మించింది లేదు.

కానీ మిల్లు ఆవరణలో 180 మీటర్ల తీగ, రెండు గిన్నెల గంటలు అంటే నేను ట్రాన్స్‌ఫార్మర్ వైపే మొగ్గుతాను. పిడుగు పడ్డ వానాకాలంలో మాడ్యూల్ పోతే మొత్తం పోతుంది. మీ పద్ధతిలో పోయిన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, అదీ నల్లగొండ షాపుల్లోనే దొరుకుతుంది.

#4 మిల్లుగేటు_మిర్యాల

పాలమూరన్నా, 24 కొసలకు మార్చిన. బ్యాటరీ కరెంటు 0.35 ఆంపియర్లకు దిగింది, హీట్‌సింక్ గోరువెచ్చగ ఉంది. గంట గోదాము దాకా వినపడుతుంది! మీటర్‌ల మాత్రం 91 వోల్టులు చూపిస్తుంది, 82 అన్నవు కదా. ఎక్కువైతదా?

#5 పాలమూరు_రిలే

మీటర్ మోసం అది. అగ్గువ డిజిటల్ మీటర్లు ఏసీని సగటు కొలిచి, సైన్ తరంగం అనుకొని 1.11తో గుణించి చూపిస్తయి. 82 చతురస్ర తరంగానికి 91 పడతది.

అయినా కొంచెం తగ్గించు. ప్రతి 20 మిల్లీసెకన్ల అర చక్రంల 15 తోలు (వోల్టేజీ ఇయ్యి), 5 ఖాళీ ఇడువు. ఖాళీల ఎనేబుల్ పిన్ను ఆపొద్దు, రెండు ఇన్‌పుట్లు "లో" (సున్నా వోల్టులు) పెట్టు. అప్పుడు వైండింగ్ ఎల్298 లోపలనే షార్ట్ అయి అవుట్‌పుట్ సున్నా కాడ నిలుస్తది. ఎనేబుల్ ఆపితే వైండింగ్‌ల మిగిలిన శక్తి డయోడ్ల మీదుగ ఎనక్కి తన్నుతది. గట్ల చేస్తే అసలు విలువ 71 వోల్టులు, నీ మీటర్ 68 దగ్గర చూపిస్తది. కోర్ మీద భారం కూడా నాలుగో వంతు తగ్గుతది.

కొలిచేటప్పుడు మోత-ఆపు తాళం తీసేసి ఆపకుండ మోగే టెస్ట్ కోడ్ పెట్టుకో. 0.4 సెకన్లల మీటర్ అంకె నిలబడదు. ఆ కొసలు వట్టి చేతుల పట్టుకోవద్దు, 71 వోల్టులు గట్టిగనే కొడతది.

#6 పీఎల్‌సీ_వనపర్తి

రెండో ప్రశ్నకు వద్దాం. అసలు పని అక్కడే ఉంది, గంట కొట్టించడం తేలిక.

ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు గంట ఒక కెపాసిటర్ వెనక ఉంటుంది, డీసీ దాని గుండా పోదు. రిసీవర్ లేపగానే సుమారు 200 ఓంల దారి తెరుచుకుని డీసీ పారుతుంది. కాబట్టి డీసీ పారుతున్నదా అన్నదొక్కటే చూడాలి. చిక్కేమిటంటే గంట మోగుతున్నప్పుడు అదే తీగలో ఏసీ కూడా ఊగుతుంటుంది. ఏసీ సగటు సున్నా, డీసీ సగటు సున్నా కాదు. సగటు తీసే ఫిల్టర్ పెడితే తేడా తెలుస్తుంది. ఇందుకోసం గంట మోగుతున్నప్పుడు కూడా లైను మీద డీసీ ఉండి తీరాలి. చాలామంది రిలేతో డీసీ తీసేసి గంట వోల్టేజీ ఒక్కటే కలుపుతారు. అప్పుడు మోతకు మోతకు మధ్య ఆపులో తప్ప ఎత్తింది తెలియదు, ఎత్తినవాళ్ల చెవిలో 25 హెర్ట్జ్ బుర్రుమంటుంది.

కనెక్షన్ ఇది. ఎక్స్‌ఎల్6009 బూస్ట్ బోర్డుతో 24 వోల్టులు చేయండి, దాని అవుట్‌పుట్‌కు 470 మైక్రోఫారడ్ 50 వోల్టులది పెట్టండి. ప్లస్ నుంచి 680 ఓం 2 వాట్ల రెసిస్టర్. దాని రెండో కొసకు రిలే ఎన్‌సీ కాలు (రిలే పడనప్పుడు కామన్‌కు కలిసి ఉండేది), ట్రాన్స్‌ఫార్మర్ 230 వైండింగ్ ఒక కొస, రెండూ కలపండి. వైండింగ్ రెండో కొస రిలే ఎన్‌వో కాలుకు (రిలే పడ్డప్పుడు కామన్‌కు కలిసేది). రిలే కామన్ నుంచి లైను ఒక తీగ. లైను రెండో తీగ 100 ఓం 1 వాట్ రెసిస్టర్ మీదుగా గ్రౌండ్‌కు. రిలే పడితే వైండింగ్ డీసీతో వరసలో చేరుతుంది, లేస్తే తప్పుకుంటుంది.

రిసీవర్ లేపితే 680, 100, ఫోన్ 200 కలిపి 980 ఓంలు, 24.5 మిల్లీఆంపియర్లు. 100 ఓం మీద 2.4 వోల్టులు. రిలే పడి వైండింగ్ నిరోధం కూడా కలిస్తే ఇంచుమించు 2. ఆ 2 వోల్టుల నుంచి 47 కిలోఓం, 2.2 మైక్రోఫారడ్ ఫిల్టర్. దాని కట్ ఆఫ్ 1.5 హెర్ట్జ్, అంటే 25 హెర్ట్జ్ పదహారో వంతుకు తగ్గిపోతుంది. ఫిల్టర్ తర్వాత ఎల్‌ఎం393 కంపారేటర్ (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్). రెండో ఇన్‌పుట్‌కు 5 వోల్టుల నుంచి 39 కిలోఓం, 10 కిలోఓం విభాగినితో 1.02 వోల్టులు. ఎత్తిన పదో వంతు సెకనులోపే పట్టుకుంటుంది. ఎల్‌ఎం393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ (కిందికి లాగగలదు, పైకి లేపలేదు), 5 వోల్టులకు 10 కిలోఓం పుల్ అప్ మరిచిపోతే పిన్ను ఎప్పటికీ పైకి రాదు.

ఎత్తినట్టు తెలియగానే వరస ముఖ్యం: ముందు ఎల్298 రెండు ఇన్‌పుట్లు "లో" పెట్టి, 20 మిల్లీసెకన్లు ఆగి అప్పుడు రిలే వదలండి. మోత మొదలుపెట్టేటప్పుడు ముందు రిలే, తర్వాత తోలడం. తోలుతుండగా రిలే వదిలితే కాంటాక్టుల మధ్య నీలం నిప్పురవ్వ కనపడుతుంది, కొన్నాళ్లకు కాంటాక్ట్ నల్లబడి మాట గరగరలాడుతుంది.

#7 మిల్లుగేటు_మిర్యాల

కట్టిన. ఆఫీసు ఫోన్ ఒక్కటే ఉంటే బ్రహ్మాండం, ఎత్తంగనే మోత టక్కున ఆగుతుంది. గోదాము ఫోన్ కలిపితే మాత్రం గంట ఒక్కసారి "ట్రిం" అని ఆగిపోతుంది, ఎవ్వరు ఎత్తకున్నా ఎత్తినట్టు చెప్తుంది. గోదాము తీగ తీస్తే మళ్ల మంచిగ. తీగల లీకేజీ అనుకొని మీటర్‌తో చూసిన, రెండు తీగల నడుమ 2 మెగాఓం పైననే ఉంది.

రెండు మార్పులు చేసిన. 100 ఓం 1 వాట్‌ది దొరకక 150 పెట్టిన. కంపారేటర్ కాలిపోవద్దని 150 ఓం మీదనే 1ఎన్4148 డయోడ్ పెట్టిన, మైనస్ రాకుండ.

#8 పీఎల్‌సీ_వనపర్తి

డయోడే కారణం. అది ఉన్న చోటు చూడండి, ఫిల్టర్ కన్నా ముందు.

రెండు గంటలు కలిస్తే ఏసీ శిఖరం 30 మిల్లీఆంపియర్ల దాకా వెళ్తుంది. 150 ఓం మీద పైకి 4.5 వోల్టులు, కిందికీ 4.5 ఊగాలి. మీ డయోడ్ కిందివైపు 0.7 దగ్గర కోసేస్తోంది. పైకి 4.5, కిందికి 0.7 మాత్రమే ఊగితే సగటు ఇక సున్నా కాదు. తేడా 3.8, అందులో సగం 1.9, 5 మిల్లీసెకన్ల ఖాళీ పోను 1.4 వోల్టులు. మీ హద్దు 1.02. అక్కడ లేని డీసీని డయోడ్ పుట్టిస్తోంది, కంపారేటర్ నమ్ముతోంది. ఒక్క గంటే ఉంటే పైకి 2.2 దగ్గరే ఊగుతుంది, అదే లెక్కలో సగటు 0.56, హద్దు దాటదు. అందుకే ఒక్క ఫోన్‌తో బాగా పనిచేసింది.

డయోడ్‌ను అక్కడి నుంచి తీసి, 47 కిలోఓం దాటాక, 2.2 మైక్రోఫారడ్ ఉన్న చోట పెట్టండి. అక్కడికి వచ్చేసరికి ఊగు పదహారో వంతే కాబట్టి డయోడ్‌కు కోయడానికేమీ ఉండదు, అసలు ఆపద వచ్చినప్పుడే పనిచేస్తుంది. ఒకటి గ్రౌండ్‌కు, ఒకటి 5 వోల్టులకు. 100 ఓం దొరక్కపోతే 220, 180 పక్కపక్కన కలపండి, 99 వస్తుంది.

#9 పాలమూరు_రిలే

వనపర్తన్న చెప్పింది పక్కా. ఒక్క ముక్క కలుపుత. 2.2 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పెట్టకు, ఫిల్మ్‌ది పెట్టు. రేకుల షెడ్డు కింద ఎండకాలం బాక్స్ లోపల ఎలక్ట్రోలైటిక్ లీకేజీ పెరుగుతది, 47 కిలోఓం ఎనక ఆ లీకేజీ నీ 2.4ను కిందికి గుంజుతది. ఏప్రిల్‌ల మంచిగున్నది మే నెలల ఎత్తినా ఆగకుండ మోగుతది.

#10 మిల్లుగేటు_మిర్యాల

డయోడ్ జరిపిన, 220, 180 కలిపిన, ఫిల్మ్ కెపాసిటర్ పెట్టిన. రెండు గంటలు కలిసి మోగుతున్నయి, ఏది ఎత్తినా ఆగుతున్నయి. ఇరవై సార్లు చూసిన, ఒక్కసారి తప్పలేదు.

గేటు లైనుకు కూడా ఇదే సర్క్యూట్ కట్టి, డయల్ తిప్పితే అవుట్‌పుట్ ఎన్నిసార్లు పడి లేస్తుందో లెక్కపెడుతున్న. 5 తిప్పితే 4 వస్తుంది. 3 తిప్పితే 2. 1 తిప్పితే అసలు ఏం రాదు. 9, 0 తిప్పితే ఒక్కోసారి ఒక్కో లెక్క. డయల్ స్ప్రింగ్ పాడైందా? వేరే ఫోన్ డయల్ పెట్టినా ఇంతే.

#11 పీఎల్‌సీ_వనపర్తి

ప్రతిసారీ సరిగ్గా ఒకటి తక్కువ రావడమే గుర్తు, డయల్ బాగానే ఉంది.

డయల్ సెకనుకు పది పల్స్‌లు ఇస్తుంది. ఒక్కో పల్స్‌లో 67 మిల్లీసెకన్లు లైను తెగి ఉంటుంది, 33 కలిసి ఉంటుంది. మీ ఫిల్టర్ కాలం 103 మిల్లీసెకన్లు. మొదటి పల్స్‌లో 2.4 నుంచి దిగుతూ 67 మిల్లీసెకన్లకు 1.25కే వస్తుంది, హద్దు 1.02 దాటదు. ఆ పల్స్ లెక్కలోకి రాలేదు. తర్వాతి 33 మిల్లీసెకన్లలో పూర్తిగా ఎక్కదు, 1.57 దగ్గరే ఆగుతుంది. రెండో పల్స్ అక్కడి నుంచి మొదలవుతుంది కాబట్టి 0.82కి దిగుతుంది, లెక్కకు వస్తుంది. పెద్ద అంకెల్లో పల్స్‌లు సాగేకొద్దీ ఎక్కేది 1.07 దగ్గరకు చేరుతుంది, హద్దుకు వెంట్రుకవాసి పైన. అందుకే 9, 0 దగ్గర లెక్క ఊగుతోంది.

ఫిల్టర్ చిన్నది చేస్తే గంట సమయంలో మళ్లీ అబద్ధపు ఎత్తుడు వస్తుంది. ఒక్క ఫిల్టర్‌తో రెండు పనులూ కావు. ఎల్‌ఎం393లో రెండో సగం ఖాళీగా ఉంది కదా, దానికి అదే 100 ఓం నుంచి 10 కిలోఓం, 0.1 మైక్రోఫారడ్ ఇంకో దారి తీయండి. కాలం 1 మిల్లీసెకను. హద్దు అదే 1.02. దీని డయోడ్లు కూడా 10 కిలోఓం తర్వాతే. అప్పుడు వాటి కోత 10 కిలోఓం అవతలే ఆగుతుంది, 100 ఓం మీద సగటు చెడదు.

గంట మోగుతున్నంతసేపు నెమ్మది దారినే నమ్మండి, వేగపు దారి 25 హెర్ట్జ్‌తో పాటు ఆడుతుంటుంది. ఎత్తాక వేగపు దారి. రిలే వదిలేటప్పుడు లైను కొన్ని మిల్లీసెకన్లు తెగుతుంది, అది పల్స్ అనుకోకుండా ఎత్తిన తర్వాత 300 మిల్లీసెకన్లు లెక్కపెట్టకండి. పల్స్‌లో కాంటాక్ట్ గిలగిలలాడడానికి 5 మిల్లీసెకన్లు వదిలేయండి. లైను 250 మిల్లీసెకన్లు కలిసే ఉంటే అంకె పూర్తయింది, 400 తెగే ఉంటే ఫోన్ పెట్టేశారు. 0 తిప్పితే పది పల్స్‌లు వస్తాయి, కోడ్‌లో పదిని సున్నాగా మార్చుకోండి.

#12 టంకం_దేవరకొండ

డయల్ తిప్పుతుంటే అదే లైను మీది గంటలు సన్నగా "టింగ్ టింగ్" అంటే ఆ ఫోన్‌కు లైను తీగలు తారుమారు చేసి చూడండి. గంట సుత్తికి ఒక పక్కకు లాగే స్ప్రింగ్ ఉంటుంది, పల్స్ కుదుపు ఆ స్ప్రింగ్ వైపే ఉంటే సుత్తి కదలదు.

బయటి తీగ సంగతి. 0.5 మిల్లీమీటర్ల రాగి జంట తీగ కిలోమీటరుకు రాను పోను 176 ఓంల దగ్గర ఉంటుంది. మీ 180 మీటర్లకు 32 ఓంలే, లెక్కేమీ మారదు. కానీ వానలు మొదలయ్యే ముందు ఉరుముల కాలంలో ఆ తీగే పిడుగును లోపలికి తెస్తుంది. బోర్డు వైపు ఒక్కో తీగలో 10 ఓం 2 వాట్ల రెసిస్టర్, దానికి బయటివైపు మూడు కాళ్ల 230 వోల్టుల గ్యాస్ ట్యూబ్ (వోల్టేజీ మించితే ఎర్త్‌కు దారి ఇచ్చేది), నడిమి కాలు ఎర్త్ కడ్డీకి. బోర్డు లోపలివైపు లైను తీగల మధ్య 201కె వేరిస్టర్ (సుమారు 200 వోల్టులు దాటితేనే కరెంటు పోనిచ్చేది). గంట శిఖరం 82, డీసీ 24 కలిపినా 106 వోల్టులే, 200 వోల్టుల వేరిస్టర్ దాన్ని ముట్టుకోదు. ఆ 106 కన్నా చిన్నది పెడితే గంటనే మింగేస్తుంది.

తీగల అతుకులు నేలలో పూడ్చకండి. ఎక్స్ఛేంజ్ వాళ్లు 48 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్త్ చేసి లైనుకు మైనస్ పంపడానికి కారణం, తడి నేలలో ప్లస్ వైపు రాగి కరిగి పోతుండడమే. మన సర్క్యూట్‌లో లైను ప్లస్ వైపు ఉంది కాబట్టి తడి తగిలిన అతుకు ముందు పచ్చబడి తర్వాత తెగుతుంది. గోడ మీద డబ్బాలో పెట్టి గ్రీజు నింపండి.

ఈ బోర్డును ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే లైనుకు కలపకూడదు. రెండు వైపులా బ్యాటరీలు, రెండు వైపులా గంట వోల్టేజీ కొట్టుకుంటాయి. లైను బాగుచేసే మనిషి అవతల తీగ పట్టుకుని ఉండొచ్చు.

#13 మిల్లుగేటు_మిర్యాల

రెండో దారి పెట్టిన. 1 నుంచి 0 దాకా ఒక్కో అంకె పదిసార్లు తిప్పిన, వంద సార్లల ఒక్కటి తప్పలేదు. 5కు సైరన్ పడుతుంది.

గేటు, ఆఫీసు లైన్ల నడుమ మాట కోసం రెండు 680ల తర్వాత, లైను తీగల నడుమ 2.2 మైక్రోఫారడ్ 250 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ కలిపిన. మాట వినపడుతుంది గని ఎనక సన్నగ "కీఁ" అని ఒక్కటే మోత. ఎల్298 ఆపినా పోలేదు.

#14 పాలమూరు_రిలే

బూస్ట్ బోర్డు అది. 24 వోల్టుల ప్లస్‌ల 47 ఓం అర వాట్ పెట్టి, దాని తర్వాత ఇంకో 470 మైక్రోఫారడ్ పెట్టు. రెండు 680లు అక్కడి నుంచి తియ్యి. 47 వల్ల వోల్టేజీ పడేది ఒక్కో ఫోన్‌కు ఒక వోల్టు లెక్క, హద్దుకు దూరంగనే ఉంటవు.

మాట కెపాసిటర్‌ను కూడా ఒక రిలే మీదుగ కలుపు, రెండు దిక్కులా ఎత్తినంక మాత్రమే పడాలె. లేకుంటే ఆఫీసు గంట మోగినప్పుడు 71 వోల్టులు ఆ కెపాసిటర్‌ల నుంచి గేటు ఫోన్ చెవిలకు పోతయి.

#15 మిల్లుగేటు_మిర్యాల

అవును, గేటు వాచ్‌మన్ "చెవుల బుర్రుమంటుంది సారూ" అన్నడు, నేను తీగల తప్పు అనుకున్న. రిలే పెట్టిన, 47, 470 పెట్టిన. మోత పోయింది, బుర్ర్ పోయింది. ఎత్తినప్పుడు 100 ఓం మీద ఆఫీసు లైనుకు 2.2, గేటు లైనుకు 2.1 వోల్టులు ఉన్నయి. గ్యాస్ ట్యూబులు ఆదివారం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెస్త, అప్పటిదాకా మబ్బు పట్టినప్పుడు లైను ప్లగ్ పీకి పెడుతున్న.